ఓపెన్ సోర్స్ అన్నాడని అడ్వాన్సు ఇచ్చేయకండి, నేను ఇరుక్కున్నాను

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు షాపులు నడిపేవాళ్ళు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. మాది పర్లాకిమిడిలో సిమెంటు, ఐరన్, పైపుల షాపు. రెండేళ్ళ కిందట బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మడానికి ఒకతను వచ్చాడు. తెలుగూ ఒడియా రెండూ గడగడా మాట్లాడేస్తాడు, టీ తాగినంతసేపూ ఒకటే మాట: "ఇది ఓపెన్ సోర్స్ అండీ, ఎప్పటికీ మీదే, లైసెన్సు గొడవే ఉండదు." ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రామ్ రాసిన కోడ్ (సోర్స్ కోడ్) ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకోవచ్చన్నమాట. 28,000 ఇచ్చాం, సర్వరు ఖర్చని ఏటా ఇంకో 6,000.

పని మాత్రం బాగానే చేసింది. పాతపట్నం మనకి పక్కనే ఉన్నా అది ఆంధ్రా, బిల్లులో వేరే రాష్ట్రం కదా, మన జీఎస్టీ నంబరు 21తో మొదలైతే వాళ్ళది 37తో, అక్కడి వ్యాపారులకి లోడు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన అమ్మకాలకి వేసే జీఎస్టీ) వెయ్యాలి, అది దానంతటదే వేసేది. అందుకే నమ్మాను.

2025 సెప్టెంబరు 22న సిమెంటు పన్ను 28 శాతం నుంచి 18కి తగ్గింది. దసరా ముందు, షాపు నిండా జనం, స్క్రీన్ మీద ఇంకా 28 వస్తోంది. మార్చుదామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ మా దగ్గర లేదు, ఎప్పుడూ ఇవ్వలేదు, మేమూ అడగలేదు. ఫోన్ చేస్తే "కొత్త రేట్ల అప్‌డేట్ 18,000 అవుతుందండీ" అన్నాడు. సరే, మా డేటా మాకిచ్చెయ్ అన్నాను. అంతే, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

వైజాగ్‌లో ఉండే మా మేనల్లుడు చూసి అసలు సంగతి చెప్పాడు. లోపలున్నది నిజంగానే ఓపెన్ సోర్స్, జీపీఎల్ అనే లైసెన్సుది, పైన వీడి పేరూ రంగులూ వేసుకున్నాడు. అందులో తప్పులేదట, జీపీఎల్ ప్రోగ్రామ్‌ని డబ్బుకి అమ్ముకోవచ్చు. మా కంప్యూటర్లో ఎక్కించి ఇచ్చుంటే, అడిగితే సోర్స్ కోడ్ ఇచ్చి తీరాలి. కానీ ప్రోగ్రామ్ వాడి సర్వర్లోనే నడుస్తోంది, మేం బ్రౌజర్లో చూస్తున్నామంతే, అంటే మాకు ప్రోగ్రామ్ ఇచ్చినట్టే కాదు! ఈ సందు మూయడానికే ఏజీపీఎల్ అని ఇంకో లైసెన్సు ఉందట, మాది అది కాదు. ఓపెన్ సోర్స్ అన్న మాటలో అబద్ధం లేకుండానే మా జుట్టు చేతిలో పెట్టుకున్నాడు.

పక్క బట్టల షాపాయన ఏళ్ళ తరబడి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాడు, అది క్లోజ్డ్ సోర్సే, కోడ్ ఎవడికీ చూపించరు. అయినా డేటా ఆయన కంప్యూటర్లోనే ఉంది, కావాలంటే ఎక్సెల్‌లోకి తీసుకుంటాడు. నా ఓపెన్ కంటే ఆయన క్లోజ్డ్ నయం అనిపించింది ఆ వారం. అక్టోబరు 11 లోపు జీఎస్టీఆర్-1 (నెల అమ్మకాల రిటర్ను) వెయ్యాలి, సెప్టెంబరు నెలలో సగం సిమెంటు 28తో, మిగతాది 18తో. నేనూ మా కోడలూ రెండు రాత్రులు కూర్చుని బిల్లుల రెండో కాపీలు చూసి ఎక్సెల్‌లో కొట్టాం. పాత రెండేళ్ళ లెక్కలు ఇప్పటికీ వాడి దగ్గరే ఉన్నాయి, జీఎస్టీ వాళ్ళు ఆరేళ్ళకి పైగా దాచమంటారు, ఆ టెన్షన్ ఇంకా తీరలేదు.

కాబట్టి మీ షాపుకి ఎవడైనా ఓపెన్ సోర్స్ అంటూ వస్తే, లైసెన్సు పేరేంటి, సర్వరు ఎవరి పేరు మీద, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికి, ఇవన్నీ బిల్లు మీద రాయించుకోండి. ఏటా సర్వీసుకి డబ్బు ఇవ్వడానికి ఏడవకండి, పని చేసినవాడికి ఇవ్వాలి. ఈమధ్య ఇంకో కుర్రాడు వచ్చాడు. అతని ముందే డెమో డేటా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీయించి, మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, బిల్లులు తెరుచుకున్నాకే అడ్వాన్సు 5,000 చేతిలో పెట్టాను.