గ్రూప్స్ కోచింగ్: ఎకానమీ సార్ కోసమైతే వెళ్లండి, మెటీరియల్ కోసం వద్దు

అనంతపురంలో గ్రూప్స్‌కి ఎక్కడ చేరితే బాగుంటుందని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే నేను చేరిన చోటు గురించి ఉన్నదున్నట్టు రాస్తున్నా. పేరు పెట్టి బజారుకీడ్చడం మాత్రం ఇష్టం లేదు.

అక్కడ కట్టిన ఫీజుకి న్యాయం జరిగిందంటే అది ఎకానమీ క్లాసు వల్లే. ఆ సార్ పరిశ్రమల శాఖలో చేసి రిటైరయ్యారు, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనే ఎక్కువ సర్వీసు. పుస్తకం తెరవరు. ఒకరోజు పీఎంఈజీపీ (సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకునేవాళ్లకి సబ్సిడీతో లోన్ ఇప్పించే కేంద్ర పథకం) లెక్క బోర్డు మీద వేశారు: పల్లెలో ఒకామె 10 లక్షలతో శెనక్కాయ నూనె గానుగ పెడుతోంది, చేతి డబ్బు 50 వేలు, బ్యాంకు ఇచ్చేది తొమ్మిదిన్నర లక్షలు, సబ్సిడీ 35 శాతం అంటే మూడున్నర లక్షలు. "ఆ మూడున్నర లక్షలు ఆమె చేతికిస్తారా?" అంటే క్లాసులో సగం మంది ఇస్తారన్నారు. ఇవ్వరట. మూడేళ్లు ఆమె పేరు మీద బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ నిజంగా నడుస్తోందని వచ్చి చూసుకున్నాకే దాన్ని లోన్‌లో సర్దుతారు. "మీటరు బిగించలేదని ఆమె ఆఫీసుకొస్తే కరెంటు ఏఈకి ఫోన్ కొట్టాల్సింది మీరే నాయనా, బ్యాంకు మేనేజర్ ఎదురుగా గంటలు గంటలు కూర్చోవాల్సిందీ మీరే" అన్నారు. గ్రూప్-2 అంటే జీపు, అటెండరు అనుకుని వచ్చినవాళ్ల ముఖాలు చూడాలి అప్పుడు! నాకైతే ఈ ఉద్యోగం ఎందుకు కావాలో ఆరోజే తెలిసింది.

ఇక మెటీరియల్ సంగతి. పాత జిరాక్సులకు కొత్త అట్టలు, అంతే. తయారీ యూనిట్‌కి పీఎంఈజీపీలో ప్రాజెక్టు ఖర్చు పరిమితి 25 లక్షలని ఉంది, అది 50 లక్షలైంది 2022లోనే. కియా ఫ్యాక్టరీ ఇంకా అనంతపురం జిల్లాలోనే ఉంది వీళ్ల లెక్కలో, అది ఉన్న పెనుకొండ, పక్కన ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయి ఇన్నేళ్లవుతున్నా. ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక నోడ్‌లకు 2024 ఆగస్టులో కేంద్రం ఓకే చెప్తే దాని ఊసే లేదు. గ్రూప్-2 మెయిన్స్ రెండో పేపర్లో సగం ఎకానమీ పెట్టుకుని ఇలాంటి తప్పులా? కౌంటర్లో అడిగితే "సార్ క్లాసులో చెప్తారులే" అన్నారు. ఆయన చెప్తారు, నిజమే, కానీ మెటీరియల్‌కి విడిగా డబ్బులు తీసుకుంది మీరు కదా.

టెస్టులు పర్వాలేదు. హిస్టరీ క్లాసు డిక్టేషనే, దానికి ఇంట్లో తెలుగు అకాడమీ పుస్తకం చదువుకోవడం నయం.

ఫీజు మొత్తం ఒకేసారి కట్టేయమని ఒత్తిడి చేస్తారు, కట్టొద్దు. సబ్జెక్టువారీగా కూడా చేర్చుకుంటారు, గట్టిగా అడిగితేనే ఆ మాట బయటికొస్తుంది. ఎకానమీ బ్యాచ్ సాయంత్రం, మైకు సరిగా పనిచేయదు కాబట్టి ముందు బెంచీ పట్టుకోండి.