వీల్‌చెయిర్‌లోనే కసరత్తు: మూడు నెలలు వెళ్లొచ్చాక

చిన్నప్పుడే పోలియో వచ్చింది. వీల్‌చెయిర్‌లోనే తిరుగుతాను. నల్లగొండలో ఓ ఫిజియోథెరపీ సెంటర్‌లో మాలాంటి వాళ్లకు కసరత్తు, డైట్ కలిపి చెబుతున్నారంటే మూడు నెలలు వెళ్లాను.

ముందు తిట్టాల్సింది తిడతాను. మాకోసమే పెట్టిన చోట వాకిట్లో రెండు మెట్లు! రోజూ ఇద్దరు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టాలి.

లోపల మాత్రం పని తెలిసినవాళ్లు. రబ్బరు బ్యాండ్ ఇచ్చి వీపుకు, భుజాల వెనక కండలకు పని పెట్టారు. చక్రాలు నెట్టి నెట్టి ముందు కండలే గట్టిపడతాయట, వెనకవి వదిలేస్తే భుజం నొప్పి తప్పదట. కుడికాలిలో మిగిలిన కాస్త బలాన్ని అలిసిపోయేదాకా వాడనివ్వలేదు, ఉన్నదీ తగ్గొచ్చని. ఇదివరకు ఒక జిమ్ కుర్రాడికి ఈ సంగతి తెలియక నన్ను రెండు రోజులు మంచమెక్కించాడు.

డైట్ కాగితం నిండా ఓట్స్, బ్రకోలీ. "మేడమ్, మా ఇంట్లో జొన్నరొట్టె" అన్నాను. నవ్వి, రొట్టెలోకి పెసరపప్పు, రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు అని మార్చి రాసింది. అన్నం సగం చేయమంది. మా అమ్మ ఒప్పుకోలేదు, అది వేరే కథ.

నెలకు 1,200 రూపాయలు. 4 కిలోలు తగ్గాను. కుర్చీలోంచి మంచం మీదికి ఇప్పుడు ఎవర్నీ పిలవకుండా మారుతున్నాను. ర్యాంప్ కట్టిన రోజు మళ్లీ చేరతాను.