ముందు ఫోర్కు దించి, గట్టి చేశాక: రెండేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట షాకబ్జార్బర్ గొట్టాలు) గట్టి చేయడం వల్ల బండి బాగుపడింది. దించడం వల్ల నా కాళ్లకు ఒరిగింది చాలా తక్కువ. ఈ పనికి పూనుకునేవాళ్లలో ఎక్కువమంది కాళ్లు నేలకు అందకే పూనుకుంటారు కాబట్టి ఈ మాట మొదట్లోనే పెట్టాను.

నాది అడ్వెంచర్ తరహా బండి. ముందు 21 అంగుళాల చక్రం, 41 మి.మీ. ఫోర్కులు, 200 మి.మీ. ట్రావెల్ (ఫోర్కు అణిగే మొత్తం దూరం). బిగించుకోవడానికి, వదులు చేసుకోవడానికి పైన ఏ మరా లేని మామూలు డ్యాంపర్ రాడ్ ఫోర్కు. ఇల్లు విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో. రోజూ కనకదుర్గ వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి ప్రయాణం. నేను పొట్టి, బరువు మాత్రం తక్కువేమీ కాదు. బెంజి సర్కిల్ దగ్గర ఏ ఆటో అయినా అడ్డొచ్చి బ్రేకు పట్టానంటే బండి ముక్కు సాష్టాంగపడేది. వెనక కూర్చున్న మా ఆవిడ హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కు తగిలేది.

మొదట దించడమే చేశాను, ఎందుకంటే అది సులువు. ఇంజను కింద చెక్కముక్క వేసి కారు జాకీతో లేపి, ముందు చక్రం గాలిలో ఉండగా గొట్టాలను పట్టి ఉంచే పై క్లాంపు, కింది క్లాంపు బోల్టులు వదులు చేసి ఫోర్కు గొట్టాలను 15 మి.మీ. పైకి జరపడమే పని, దాంతో బండి ముందుభాగం కిందికి దిగుతుంది. ఒకేసారి రెండు వైపులా వదులు చేయకూడదు, ఒకదాని తర్వాత ఒకటి. రెండు గొట్టాలూ పైకి ఎంత వచ్చాయో వెర్నియర్‌తో కొలిచి సమానం చేయాలి, కంటి అంచనా చాలదు. బిగింపు టార్క్ రెంచ్‌తో, బండి మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకే. చేతి బలాన్ని నమ్ముకుని కింది క్లాంపు అతిగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది.

ఒక పరీక్ష మాత్రం ఎవరూ వదలకూడదు. స్ప్రింగులు తీసేసి ఫోర్కును అడుగు తగిలేదాకా అణచి, టైరుకూ పైనున్న మడ్‌గార్డుకూ, కింది క్లాంపుకూ మధ్య ఖాళీ ఎంత మిగిలిందో చూడాలి. గొట్టాన్ని పైకి జరిపితే ట్రావెల్ తగ్గదు, ఆ ఖాళీ తగ్గుతుంది. గోతిలో పడినప్పుడు టైరు మడ్‌గార్డుకు పట్టేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బ్రేకు హోసు, ఏబీఎస్ తీగ హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా లాగుకోకుండా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూశాను.

కాళ్ల సంగతి. ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి 15 మి.మీ. జరిపితే నిలువున తగ్గేది 13, 14 మి.మీ. సీటు ఉండేది వెనక చక్రానికి దగ్గరగా. అక్కడికొచ్చేసరికి మిగిలేది ఐదారు మి.మీ. మాత్రమే. నాకు కాళ్లు అందింది సీటు కుట్టే దుకాణంలో ఫోమ్ కోయించిన తర్వాతే.

అయితే దించినందుకు వేరే ఫలితం కనిపించింది. ముందుభాగం దాదాపు అర డిగ్రీ వంగి, హ్యాండిల్ చురుగ్గా తిరగసాగింది. వన్‌టౌన్ సందుల్లో అది హాయి. హైవే మీద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు మాత్రం ముందుచక్రం మునుపటికంటే కాస్త కంగారుపడేది. హెడ్‌లైటు కూడా అంతే వంగింది. 10 మీటర్ల దూరంలో వెలుగు 9 సెంటీమీటర్లు కిందికి దిగింది. ఉండవల్లి కరకట్ట మీద రాత్రిపూట రావలసి వచ్చినప్పుడు దాని విలువ తెలిసింది, ఎత్తు సరిచేసుకున్నాను. ముక్కు వాలడం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. తగ్గుతుందని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఆటోనగర్‌లో సలహాలకు కొదవ ఉండదు. "ఇరవై గ్రేడు ఆయిల్ పోయండి సార్, రాయిలా ఉంటుంది" అన్నాడొకాయన. నిజమే, రాయిలాగే ఉంటుంది, అదే దానితో ఇబ్బంది. డ్యాంపర్ రాడ్ ఫోర్కులో ఆయిల్ చిన్న రంధ్రాల గుండా పోవాలి. అణిగే వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లవుతుంది. చిక్కటి ఆయిల్‌తో మెల్లగా వంగే చోట బాగానే ఉంటుంది గానీ, పదునైన గోతి అంచు తగలగానే దెబ్బ నేరుగా మణికట్టుకు చేరుతుంది. నేను 10 నుంచి 15కే మారాను. డబ్బా మీది గ్రేడు అంకె ఒక్కో బ్రాండుకు ఒక్కో రకం చిక్కదనం. 40 డిగ్రీల వద్ద సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలమానం) ఎంతో చూసి కొనడం మేలు.

ఆయిల్ చిక్కదనం కంటే ఎక్కువ పని చేసింది దాని మట్టం. స్ప్రింగు తీసేసి, ఫోర్కు పూర్తిగా అణచి, గొట్టం పై అంచు నుంచి ఆయిల్ దాకా కొలిచే దూరం అది. దాన్ని కంపెనీ చెప్పినదానికంటే 15 మి.మీ. తగ్గించాను, అంటే ఆయిల్ అంత పైకి వచ్చింది. పైన మిగిలిన గాలి కొద్దిదే కాబట్టి ఫోర్కు చివరిదాకా అణిగే వేళకు ఆ గాలే గట్టి స్ప్రింగవుతుంది. మొదటి సగం ప్రయాణం మెత్తగానే ఉంటుంది, గోతిలో ఠంగుమని అడుగు తగలడం మాత్రం పోయింది. మొత్తం పనిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం ఇదే. ఇంకా పెంచాలనే ఆశ పుడుతుంది, అక్కడే ఆగాలి. అతిగా పెంచితే సీళ్ల (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగుల) మీద ఒత్తిడి పడుతుంది.

స్పేసర్ (స్ప్రింగు మీద పెట్టే ముక్క) సంగతి చెప్పకపోతే పని సగమే అవుతుంది. చాలామంది పీవీసీ పైపు ముక్క పెడతారు. నేను లేతు షాపులో నైలాన్ ముక్క తిప్పించి, స్ప్రింగు కొరకకుండా స్టీలు వాషరు వేశాను, అదనపు పొడవు 10 మి.మీ. స్పేసర్ స్ప్రింగును గట్టిపరచదు. ముందే కొంచెం నొక్కి ఉంచి ముందుభాగాన్ని పైకి లేపుతుంది. ఫోర్కు రాడ్డుకు (మెరిసే లోపలి గొట్టానికి) ప్లాస్టిక్ ట్యాగు కట్టి, నేను కూర్చుంటే ఎంత దిగుతుందో కొలిచాను. మునుపు 80 మి.మీ. దిగేది, ఇప్పుడు 70. అంటే 15 దించి, 10 తిరిగి లేపినట్టే. దించడం, స్పేసర్ పెట్టడం ఒకదాన్నొకటి కొట్టేసుకునే పనులు. నా బండి విషయంలో అది మంచికే వచ్చింది. హైవే మీది కంగారు పోయింది, హెడ్‌లైటు మళ్లీ కొంచెం పైకి తిరిగింది, దాన్ని రెండోసారి సరిచేశాను. ఫోర్కు మూత విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకోండి, కింద నొక్కి ఉన్న స్ప్రింగు దాన్ని ఎగరగొడుతుంది.

ఇక వాడకంలో తేలినవి. ముక్కు వాలడం పోలేదు, నెమ్మదించింది. బ్రేకు పట్టినప్పుడు హెల్మెట్లు తగలడం లేదు. హైవే మీద వేగం తగ్గించడానికి వరసగా వేసిన గీతల దిబ్బలు మాత్రం ఇప్పుడు చేతుల్లో తెలుస్తున్నాయి. ఒకదాని మీంచి తేరుకునేలోపే ఇంకొకటి వస్తుంది, 15 గ్రేడుకు ఆ తొందర లేదు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మొదటి కొన్ని కిలోమీటర్లు బిగుసుకుపోయి నడుస్తుంది. మే నెలలో మన ఎండకు ఆయిల్ పలచబడి పాత మెత్తదనం కొంత తిరిగొస్తుంది. ఆయిల్ నల్లబడ్డాక తేడా ఇంకా ఎక్కువ, అందుకే ఏటా వేసవికి ముందే మారుస్తున్నాను.

ఇబ్రహీంపట్నం వైపు తరచూ వెళ్లిన రోజుల్లో బూడిద దుమ్ము పట్టి ఎడమ సీలు చెమర్చింది. పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నగా కత్తిరించి సీలు అంచులోకి దూర్చి చుట్టూ తిప్పితే మురికి బయటికొచ్చి ఆగింది. రాడ్డు మీద గీత పడి ఉంటే ఆ చిట్కా పనిచేయదు, సీలు మార్చాల్సిందే. ఈసారి సీళ్లు మార్చే రోజున నా బరువుకు తగిన గట్టి స్ప్రింగులు వేయించి, నైలాన్ ముక్కలు తీసేయాలని ఉంది.