తేజావత్‌ను తేజ మిర్చి అనుకున్న పైథాన్

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రెజెక్స్ (నమూనా ఇచ్చి రాతలో వెతికే పద్ధతి) ఎంత బాగుంటుందో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, నేనూ ఊరంతా చెప్పి తిరిగినవాణ్నే, కాబట్టి అది వదిలేద్దాం. నా పంచాయతీ అంతా అందులోని స్లాష్ బి (\b) తోనే. అదే, పదం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టుకునే గుర్తు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణం లెక్కలు చూస్తాను. మిర్చి సీజన్‌లో గుమాస్తాలు రైతు పేరు, ఊరు, రకం, బస్తాలు అన్నీ తెలుగులోనే కొట్టి వాట్సాప్‌లో పంపుతారు, ఏది ముందు ఏది వెనక అనే పద్ధతేమీ ఉండదు. వాటిని రకాలవారీగా కూడే స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నాను. బాగానే నడిచేది. ఓరోజు సాయంత్రం సేటు కాగితం చూసి "ఇయ్యాల తేజ గిన్ని బస్తాలు ఎక్కడొచ్చినయిరా?" అన్నాడు. ఇంకో మిర్చి రకం చపాటా చూస్తే సగం లేదు. లైన్లన్నీ ముందేసుకుంటే తేలింది: నెక్కొండ వైపు తండాల నుంచి వచ్చిన తేజావత్ ఇంటిపేరు వాళ్లు చపాటా తెచ్చినా తేజ లెక్కలోకే పోతున్నారు!

తేజకు అటూ ఇటూ స్లాష్ బి పెట్టే ఉంది. అయితే పైథాన్‌తోనే వచ్చే రెజెక్స్ సరంజామా ఆర్‌ఈ (re) మాడ్యూల్, ఈజ్‌ఆల్‌నమ్ (అక్షరమో అంకెనో అని చూసే ఫంక్షన్) ఒప్పుకున్నదాన్నీ అండర్‌స్కోర్‌నీ మాత్రమే పదంలో అక్షరం అంటుంది. ప్రతి లిపి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో మన గుణింతం గుర్తులు, సున్న, పొల్లు 'మార్క్' కిందికి వస్తాయి, అవి దాని లెక్కలో అక్షరాలే కావు. అందుకే తేజావత్‌లో 'జ' తర్వాత దీర్ఘం రాగానే పదం అయిపోయిందనుకుంటుంది. పదాన్ని మొత్తంగా పట్టే స్లాష్ డబ్ల్యూ ప్లస్ (\w+) తో వరంగల్ అని వెతకండి, 'వర', 'గల' అని రెండు ముక్కలు చేతిలో పెడుతుంది. పేర్లు సరిచూడటానికి పెడితే కమల, వనజ పాసవుతారు, సమ్మయ్య, సారక్క ఫెయిల్. టెస్టింగ్‌కు కమలే దొరికితే ఇక ఎవరికి అనుమానం వస్తుంది?

ఇప్పుడు స్లాష్ బి తీసేసి, తేజకు ముందూ వెనకా 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఉన్న యూనికోడ్ తెలుగు బ్లాక్‌లోది ఏదీ ఉండొద్దని లుక్‌ఎరౌండ్ (పక్కన ఏముందో చూసే షరతు) పెట్టాను. పదాలు ఏరేచోట కూడా ఆ బ్లాక్‌నే వాడితే 'తక్‌పట్టీ' (అమ్మకం చీటీ) మళ్లీ రెండుగా విరిగింది, మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ కూర్చుంది మరి. దాని నంబరు 200సి కూడా కలిపితే కుదిరింది. విడిగా దొరికే 'రెజెక్స్' అనే మాడ్యూల్ ఈ మార్కుల్ని పదంలో భాగంగానే చూస్తుంది, పైథాన్‌కు అదనపు మాడ్యూళ్లు దించే పిప్‌తో వేసుకోనిచ్చే చోటైతే అదే నయం.

అంకెల్ని పట్టే స్లాష్ డి (\d) మాత్రం ౧, ౨ లాంటి తెలుగు అంకెల్నీ పట్టుకుంటుంది, వాటిని సంఖ్యగా మార్చే ఇంట్‌కి ఇస్తే కూడుకోవచ్చు కూడా. మొదట్లో ముచ్చటేసింది, ఫోన్ నంబర్ల దగ్గర మాత్రం ఇంగ్లీషు అంకెలే పట్టుకొమ్మని ఆస్కీ ఫ్లాగ్ పెట్టుకోవాల్సి వచ్చింది.

నేనైతే పైథాన్ మానలేదు, మిగతా స్క్రిప్టులన్నీ అందులోనే ఉన్నాయి. మీ డేటా ఇంగ్లీషులో ఉంటే ఈ గొడవే మీకు తగలదు. తెలుగు పట్టీలతో పని ఉండి, ఆఫీసు కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోతే మాత్రం, స్లాష్ బి జోలికి పోకుండా ఆ బ్లాకే రాసుకోండి, 200సి మర్చిపోకుండా.