1720 లండన్: యాన్యుటీ మేలా, సౌత్ సీ షేర్ మేలా?

1720 మే నెల అనుకోండి. లండన్‌లో మీ చేతిలో సర్కారు యాన్యుటీ పత్రం ఉంది. ఏడాదికి 100 పౌండ్లు, ఇంకా 70 ఏళ్లకు పైగా వస్తూనే ఉంటాయి. మన పెన్షన్ లాంటిదే, పైగా పిల్లలకూ దక్కుతుంది. అమెరికాలోని స్పెయిన్ వలసలతో వ్యాపారం చేసే హక్కున్న సౌత్ సీ కంపెనీ వచ్చి ఆ పత్రం మాకిచ్చి షేర్లు తీసుకోమంటోంది. జనవరిలో 128 పౌండ్ల దగ్గరున్న షేర్ అప్పటికే రెండున్నర రెట్లు దాటింది. ఏం చేస్తారు?

కంపెనీ ఇస్తానన్నది 700 పౌండ్ల ముఖ విలువ (షేర్ మీద రాసి ఉండే విలువ) ఉన్న షేర్లు, బాండ్లూ నగదూ కలిపి ఇంకో 575 పౌండ్లు. ముఖ విలువ 100 ఉన్న షేర్‌కు 375 ధర కట్టి, మొత్తం 3,200 పౌండ్లని చూపించింది. అంటే 32 ఏళ్ల ఆదాయం ఒక్కసారే! చాలామంది ఇచ్చేశారు. వాళ్లను తప్పుపట్టలేను.

కానీ కాగితం తిప్పి చూడాలి. స్పెయిన్ వలసలతో వ్యాపారమంటే ఏడాదికి ఒక సరుకు ఓడ, ఆపైన బానిసల రవాణా. మనుషుల్ని అమ్మే ఆ పాపపు వ్యాపారం కూడా 1718లో స్పెయిన్‌తో యుద్ధం మొదలయ్యాక ఆగిపోయింది. ఇక ఖాయంగా వచ్చేది, జనం నుంచి కంపెనీ తీసుకున్న సర్కారు అప్పు మీద సర్కారు కంపెనీకి కట్టే 5 శాతం వడ్డీ. 700 మీద అది సుమారు 35 పౌండ్లు. మిగతా 575 మీద కూడా 5 శాతమే వేసుకుంటే మరో 29. ఏటా 100 వచ్చే చోట 64! మిగతాదంతా ధర పెరుగుతుందన్న ఆశే.

ఆగస్టు చివర్లో కంపెనీ 12 ఏళ్లపాటు 50 శాతం డివిడెండ్ ఇస్తామంది. అది ముఖ విలువ మీద. వెయ్యి పెట్టి కొన్నవాడికి దక్కేది 5 శాతం. జూన్‌లోనైతే వెయ్యి ధరకు షేర్లు అమ్ముతూ ముందు పదోవంతే కట్టించుకుని, మిగతాది వాయిదాల్లో ఇమ్మన్నారు. సెప్టెంబరులో ధర కూలింది. అప్పు చేసి కొన్నవాళ్ల టెన్షన్ ఊహించుకోండి.

ఈస్టిండియా కంపెనీ షేర్? అదీ ఆ ఏడాది ఎగిరి పడింది. కానీ దాని వెనుక మచిలీపట్నం వైపు నేతబట్ట, మిరియాలు, టీ ఉన్నాయి. 1721లో ఇంగ్లండ్‌లో రంగుల నూలుబట్ట వాడకాన్ని నిషేధిస్తూ చట్టం చేసినా, ఇతర దేశాలకు అమ్ముకునే దారి మిగిలింది. షేరే కావాలంటే నేను దీన్నే కొంటాను. చేతిలో యాన్యుటీ ఉంటే మాత్రం కదిలించను.

సౌత్ సీలో బాగుపడ్డవాళ్లూ ఉన్నారు. పుస్తకాల వ్యాపారి థామస్ గై ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొద్దికొద్దిగా అమ్మేసి, మళ్లీ అటు వెళ్లలేదు. న్యూటన్ కూడా ముందు లాభానికే అమ్మాడు, కానీ ధర పైనున్నప్పుడు తిరిగి కొన్నాడు. గై డబ్బుతో కట్టిన ఆసుపత్రి 1725లో తెరిచారు, లండన్‌లో ఇప్పటికీ నడుస్తోంది.