అట్ట మౌంటా, గాజు మౌంటా? తెర మీద స్లైడు మసకబారితే ఏది మేలు

స్లైడు అంటే చిన్న చట్రంలో బిగించిన ఫిల్ము ఫోటో, దాని గుండా వెలుగు పంపి తెర మీద పెద్దగా చూపించేది స్లైడు ప్రొజెక్టర్. దాన్ని నడిపేవాళ్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. లెన్సు తిప్పి బొమ్మను స్పష్టంగా నిలబెడతాం. దాని గురించి నాలుగు మాటలు చెప్పేలోపే మసకబారుతుంది. మళ్లీ తిప్పితే నడుమ బాగుపడి అంచులు పోతాయి, అంచులు చూసుకుంటే నడుమ పోతుంది. కడపలో పిల్లలకు గండికోట లోయ స్లైడ్లు వేస్తుంటే వెనక వరుస నుంచి వినబడేది ఇదే: "సార్, ఇప్పుడే కదా సరిజేసినారు, మళ్లా పోయిందే!"

అప్పుడు చాలామంది తెరను జరుపుతారు, లేదా లెన్సు పాడైందని తేల్చేస్తారు. నేను ముందుగా చూసేది ఫిల్మును పట్టుకున్న మౌంటును, అంటే ఆ చట్రాన్ని. అట్ట మౌంటు, ప్లాస్టిక్ మౌంటు, గాజు మౌంటు అనే తేడా మీదే మిగతా నిర్ణయాలన్నీ ఆధారపడతాయి. ఎందుకో లెక్కతో చెబుతాను.

35 ఎం.ఎం. స్లైడులో బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. 85 మిల్లీమీటర్ల లెన్సుతో ఐదు మీటర్ల దూరం నుంచి వేస్తే అది సుమారు 58 రెట్లు పెరిగి, తెర మీద రెండు మీటర్లకు పైగా వెడల్పున పడుతుంది. లెన్సు ఎపర్చర్, అంటే వెలుగు పోయే రంధ్రం సైజు, ఎఫ్/2.8 అనుకుందాం (ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నది). ఫిల్ము మీద 0.03 మిల్లీమీటర్ల మసక వరకు కంటికి పట్టదని లెక్క వేసుకుంటే, ఫిల్ము ముందుకో వెనక్కో 0.08 మిల్లీమీటర్లు జరిగేసరికి ఆ హద్దు దాటిపోతుంది. ఫిల్ము మందమే అంతకన్నా ఎక్కువ. అదే హద్దును తెర వైపు లెక్కకడితే పావు మీటరు పైనే వస్తుంది. అంటే తెరను జానెడు ముందుకు లాగినా బొమ్మలో తేడా తెలియదు, స్లైడు మాత్రం వెంట్రుక మందం కదిలినా తెలిసిపోతుంది. తెర గుడ్డ గాలికి కొంచెం ఊగిందనో, ప్రొజెక్టర్ కింద పుస్తకం పెట్టి కాస్త ఎత్తామనో బొమ్మ మసకబారదు. బొమ్మ పైభాగం వెడల్పై పక్కలు వాలినట్టు కనిపించవచ్చు కానీ, అది ఫోకస్ లోపం కాదు.

మరి ఫిల్ము ఎందుకు కదులుతుంది? వేడికి. ప్రొజెక్టర్ బల్బు 250 వాట్లు, కొన్నిటిలో 300. ఫిల్ము మీద రంగులున్న పొర జెలటిన్‌తో చేసింది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, వేడి తగిలితే వదిలేస్తుంది. కింద ఉన్న ప్లాస్టిక్ పొర అలా చేయదు. పైపొర ఒక తీరున, కిందిపొర ఇంకో తీరున సాగడం ముడుచుకోవడంతో ఫిల్ము, నూనెలో వేసిన అప్పడంలా, ఉన్నట్టుండి ఒక పక్కకు ఉబ్బుతుంది. స్లైడు గేటులోకి, అంటే బల్బుకూ లెన్సుకూ మధ్య అది కూర్చునే చోటులోకి, దిగిన కొన్ని సెకన్లలోనే ఇది జరుగుతుంది. అంచులను మౌంటు పట్టుకుని ఉంటుంది కాబట్టి ఉబ్బేది నడుమే. నడుమకు, అంచులకు ఫోకస్ ఒకేసారి కుదరకపోవడానికి కారణం ఇదే.

ఇక పోలిక. అట్ట మౌంటు, గాజు లేని ప్లాస్టిక్ మౌంటు, ఈ రెంటినీ ఒక జట్టుగా చూడొచ్చు. రెండిటిలోనూ ఫిల్ము నడుమ భాగానికి ఏ ఆధారమూ లేదు. ప్లాస్టిక్ మౌంటు గట్టిగా, ఒకే మందంతో ఉండి గేటులో నిటారుగా కూర్చుంటుంది. అట్ట మౌంటు ఏళ్లు గడిచేకొద్దీ మూలలు నలిగి, పొరలు విడి, గేటులో ఒక పక్కకు వాలుతుంది. కాబట్టి ఈ రెంటిలో ప్లాస్టికే మేలు. ఉబ్బే గుణం మాత్రం రెంటికీ ఒకటే.

గాజు మౌంటులో ఫిల్ము రెండు పలుచని అద్దాల మధ్య ఉంటుంది, ఉబ్బడానికి చోటే లేదు. మొదటి సెకనులో ఎలా ఉందో పది నిమిషాలకూ అలాగే ఉంటుంది. గండికోట దగ్గర పెన్న కోసుకుపోయిన లోయలో రాతిపొరలు ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా సాగుతాయి. ఆ స్లైడులో మూలల్లో గీత చెదిరితే పాఠమే చెడుతుంది. వేంపల్లె సున్నపురాతి పొరల్లో కనిపించే స్ట్రొమటోలైట్ల సన్నని వంపు గీతలదీ అదే పరిస్థితి. కోట్ల ఏళ్ల కిందటి సూక్ష్మజీవుల గుర్తులను పిల్లల కళ్ల ముందు నిలబెట్టాలంటే ఆ గీతలు విడివిడిగా కనబడాల్సిందే. ఒంటిమిట్ట గోపురం మీది బొమ్మల వరుసలకూ ఇదే వర్తిస్తుంది. ఇలాంటి వాటికి గాజే. ఇందులో నాకు సందేహం లేదు.

లంకమల అడవుల పక్షుల స్లైడ్ల సంగతి వేరు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది ఈ లంకమల ప్రాంతంలోనే. అప్పటి నుంచి పక్షుల మీద ఆసక్తి పెంచుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. పక్షి ఫోటోలో చూడాల్సింది నడుమ ఉన్న పక్షినే, చుట్టూ ముళ్లపొదలు మసకగా ఉన్నా నష్టం లేదు. అలాంటి స్లైడును ప్లాస్టిక్ మౌంటులోనే ఉంచేయొచ్చు. గాజు పెట్టడం వృథా శ్రమ.

శ్రమ అన్నాను కదా, గాజుతో వచ్చే కష్టాలు చిన్నవి కావు. ఫిల్ముకు రెండు ముఖాలే. గాజు మౌంటులో దుమ్ము పట్టేందుకు మరో నాలుగు ముఖాలు చేరతాయి. లోపల చిక్కుకున్న ఒక్క పోగు తెర మీద తాడంత కనిపిస్తుంది. ఫిల్ము మెరిసే ముఖం నున్నని అద్దానికి తగిలితే ఇంద్రధనుస్సు రంగుల్లో న్యూటన్ వలయాలు వస్తాయి. వాటిని ఆపడానికి సన్నగా గరుకు చేసిన అద్దాలున్న మౌంట్లు ఉన్నాయి. ఆ గరుకు అద్దం ఫిల్ము మెరిసే ముఖం వైపే ఉండాలి. గాజు మౌంట్లు మందం కూడా, కొన్ని మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. కోడాక్ కెరౌసెల్ ప్రొజెక్టర్లో 140 స్లైడ్ల ట్రే పలుచని మౌంట్లకు చేసింది, గాజు మౌంట్లు అందులో ఇరుక్కుంటాయి. వాటికి 80 స్లైడ్ల ట్రే వాడాలి.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు తేమ. జెలటిన్‌లో తేమ ఉండగానే అద్దాల మధ్య బిగిస్తే, బల్బు వేడికి అది ఆవిరై అద్దం లోపలి ముఖం మీద పేరుకుంటుంది. తెర మీద మబ్బుల్లాంటి మరకలు కదులుతూ కనిపిస్తాయి. వాటిని చూసి ఫోకస్ పోయిందనుకుని లెన్సు తిప్పితే ఉపయోగం లేదు. అలాగే వదిలేస్తే బూజు పడుతుంది, అది జెలటిన్‌నే తినేస్తుంది.

ఇక్కడే మా కడపకు ఒక మేలుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో ఏడాది పొడుగునా గాలిలో తేమే. ఇక్కడ సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా జూన్ నుంచి నవంబరు లోపు. ఫిబ్రవరి తర్వాత గాలి పొడిబారుతుంది, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గాజు మౌంట్లు వేసే పని ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టుకోవడం మంచిది. స్లైడ్లను అంతకుముందు కొన్ని రోజులు సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి, తేమ లాగేశాక బిగించాలి. ఏప్రిల్, మే నెలల్లో గాలి మరీ పొడి, కానీ వేడిగాలితో పాటు దుమ్మూ లేస్తుంది, ఫ్యాను వేయకుండా ఆ పని చేయలేం. వానాకాలంలో మాత్రం ఆ పని జోలికి వెళ్లకండి. అనంతపురం మిత్రులకు ఈ విషయంలో ఇంకా వెసులుబాటు, అక్కడ వాన మాకంటే తక్కువ.

కడప బజారులో గాజు మౌంటు అడిగితే ఇచ్చే కాలం పోయింది. పాత స్టాకు ఎక్కడుందో వెతికి తెప్పించుకోవాలి. కాబట్టి అన్నిటికీ గాజు వేద్దామనే ఆలోచన వద్దు. అంచు దాకా వివరం ఉన్నవి, మళ్లీ మళ్లీ వేసేవి ఏరుకుని ఒక్క ట్రేకు సరిపడా, అంటే 80 స్లైడ్లకు వేస్తే చాలు.

మౌంటు తేలాక లెన్సు సంగతి తేలిక. ప్రొజెక్టర్ లెన్సుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి చదునైన ఫిల్ముకు సరిపోయేది, రెండోది ఉబ్బిన ఫిల్ము వంపుకు తగ్గట్టు చేసింది. వంపు రకం అట్ట, ప్లాస్టిక్ మౌంట్లకు, చదును రకం గాజు మౌంట్లకు. గాజు మౌంటుకు వంపు లెన్సు పెడితే అంచులు పోతాయి, అట్ట మౌంటుకు చదును లెన్సు పెట్టినా పోతాయి. కోడాక్ లెన్సుల మీద సి అనే అక్షరం వంపు రకానికి, ఎఫ్ఎఫ్ అన్నది చదును రకానికి గుర్తు. పాత ప్రొజెక్టర్ కొనేవాళ్లు ముందు ఈ అక్షరాలు చూసుకోవాలి. వంపు లెన్సు ఫిల్ము ఒకే వైపు ఉబ్బుతుందని నమ్మి చేసింది. మౌంటు మార్చేటప్పుడు ఫిల్మును తిరగేసి పెడితే వంపూ తిరగబడి మసక ఇంకా పెరుగుతుంది. స్లైడులో బోర్డు మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తే ఫిల్మును తీసి మళ్లీ పెట్టండి.

ఎపర్చర్ విషయంలో ఎఫ్/3.5 లెన్సుకు ఫిల్ము కదలికను ఓర్చుకునే హద్దు కొంచెం ఎక్కువ, 0.08కి బదులు 0.1 మిల్లీమీటరు. వెలుగు మాత్రం ఎఫ్/2.8 కన్నా మూడో వంతుకు పైగా తగ్గుతుంది. కిటికీలు బాగా మూయగలిగిన చిన్న గదికి ఎఫ్/3.5 మేలు. పరదాల సందుల్లోంచి ఎండ పడే తరగతి గదిలో 2.8 లేకపోతే రంగులు తేలవు.

ఆటోఫోకస్ ఉంటే చాలు కదా అని అడిగేవాళ్లున్నారు. దాని పని తీరు తెలిస్తే ఆ నమ్మకం కొంత తగ్గుతుంది. ప్రొజెక్టర్ ఒక సన్నని కాంతిని స్లైడు నడుమ మీద పడేసి, తిరిగివచ్చే ప్రతిఫలనాన్ని బట్టి లెన్సును ముందుకో వెనక్కో జరుపుతుంది. ఫిల్ము ఉబ్బితే నడుమను పట్టుకుంటుంది, అంచులను పట్టుకోలేదు. పక్షి ఫోటోకు ఇది చక్కగా పనికొస్తుంది, లోయ ఫోటోకు పనికిరాదు. గాజు మౌంటు వచ్చినప్పుడు కాంతి అద్దం మీద పడి తిరిగొస్తుంది, ఫిల్ము అద్దం వెనక ఉంటుంది. అన్నీ గాజు మౌంట్లే అయితే మొదటి స్లైడుకు చేత్తో సరిచేసి వదిలేయొచ్చు. ఒకే ట్రేలో అట్టా గాజూ కలిపితే రకం మారినప్పుడల్లా ఆటోఫోకస్ తప్పు చోట నిలుస్తుంది. రెండు రకాలనూ వేర్వేరు ట్రేల్లో పెట్టండి, ఈ ఒక్క సర్దుబాటుతో సగం గొడవ తీరుతుంది.

ఆటోఫోకస్ లేని ప్రొజెక్టర్, అట్ట మౌంట్లు, ఇవే ఉన్నాయనుకోండి. అప్పుడూ దారి ఉంది. బల్బుకు ఎక్కువ, తక్కువ అని స్విచ్చు ఉంటే తక్కువలో పెట్టండి. స్లైడు దిగగానే లెన్సు తిప్పకండి, ఫిల్ము వేడెక్కి ఉబ్బేదాకా కాసేపు మాట్లాడి, ఆ తర్వాత సరిచేయండి. నడుమకూ అంచుకూ మధ్య, బొమ్మలో మూడో వంతు దగ్గర ఫోకస్ పెడితే రెండు వైపులా నష్టం తక్కువ.

ఇంత చేసినా ప్రతి స్లైడూ ఉబ్బుతోందంటే బల్బుకూ ఫిల్ముకూ మధ్య ఉండే వేడి పీల్చే అద్దాన్ని చూడండి. అది పగిలితే కొందరు తీసేసి అలాగే నడుపుతారు. ఫిల్ముకు అంతకన్నా ప్రమాదం లేదు, రంగులు కూడా మాడతాయి. ఫ్యాను దారిలో దుమ్ము పేరుకున్నా ఫలితం అదే. ఎప్పుడూ ఒకే పక్క మసకబారుతుంటే స్లైడు గేటులోకి పూర్తిగా దిగడం లేదని అర్థం. బొమ్మ అంతా ఒకే తీరున పాలిపోయి, ఎంత తిప్పినా తేరుకోకపోతే లెన్సు లోపల బూజు. అది తెరిపించి తుడిపించే పని.

కోడాక్ ఈ ప్రొజెక్టర్ల తయారీని 2004లో ఆపేసింది. విడిభాగాలు దొరక్క, అన్నిటినీ స్కాన్ చేసి డిజిటల్ ప్రొజెక్టర్లో చూపించడమే మేలనేవాళ్లున్నారు. ఊరూరా తిప్పే పాఠాలకు నేనూ అదే చేస్తాను. వేడి లేదు, ఉబ్బడం లేదు, అసలు స్లైడు భద్రం. కానీ వంగిన ఫిల్మును వంగినట్టే స్కాన్ చేస్తే అంచుల మసక ఫైల్లోకి ఎక్కుతుంది, అది ఇక ఎప్పటికీ పోదు. గాజు మౌంటులో ఉంచి స్కాన్ చేస్తే ఫిల్ము చదునుగానే ఉంటుంది కానీ అద్దాల గరుకూ దుమ్మూ కూడా బొమ్మలో పడతాయి, మందం వల్ల కొన్ని స్కానర్లలో మౌంటు పట్టదు కూడా. కొద్దిగా వంగిన వాటిని ప్లాస్టిక్ మౌంటులోనే ఉంచి, నడుమకు ఒకసారి, అంచులకు ఒకసారి ఫోకస్ పెట్టి రెండు స్కాన్లు తీసి కలుపుకోవచ్చు. బాగా వంగిన వాటికి మాత్రం తుడిచిన అద్దాలతో గాజు మౌంటు వేసి స్కాన్ చేయడమే దారి.