కేకలు లేని వార్తలు: మా ఇంట్లో పారి

మాది బరంపురం. నాలుగు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఓటు ఒడిశాలో. అయినా మా ఇంట్లో తండ్రీకొడుకులకు మాటలు ఆగిపోయింది ఆంధ్రా రాజకీయాల మీద!

రాత్రి ఎనిమిదయ్యేసరికి మావయ్యగారు ఒక తెలుగు వార్తా ఛానల్ పెట్టేవారు. తెర మీద నాలుగు గళ్ళు, గడికో మనిషి, అందరూ ఒకేసారి అరుపులు. అందులో ఒకడి పక్షం మావయ్యగారు, ఇంకొకడి పక్షం మా ఆయన. కిందటి ఎన్నికలప్పుడు అది ముదిరి, మా ఆయన పఖాళ (ఒడిశా చద్దన్నం) సగంలో వదిలేసి చెయ్యి కడిగేసుకున్నారు. తర్వాత నెల రోజులు నేనే పోస్ట్‌మ్యాన్‌ని. "మజ్జిగ కావాలేమో నాన్నని అడుగు" అనేవారు, ఆ నాన్న పక్క పీట మీదే ఉండగా. మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అన్నం తినడం అప్పుడే మొదలైంది.

పారిని ఇంట్లోకి తెచ్చింది కూడా మా అమ్మాయే, కాలేజీ ప్రాజెక్టు పేరుతో. పూర్తి పేరు పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టిన వెబ్‌సైట్. పల్లెటూరి మనుషులు, వాళ్ళ పనులు, అప్పులు, వలసలు, పాటలు, ఇవే అందులో వార్తలు. ప్రకటనలుండవు. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు. తెలుగులో, ఒడియాలో కూడా ఉంది కాబట్టి మా ఇంటికి సరిగ్గా సరిపోయింది.

"ఏ పార్టీవాడో అయ్యుంటాడు" అన్నారు మావయ్యగారు ముందు. సాయినాథ్ మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి మనవడని చెప్పాక మెత్తబడ్డారు. గిరిగారు పుట్టింది మా బరంపురంలోనే. మావయ్యగారికి ఊరు ముందు, జర్నలిజం తర్వాత.

నన్ను పట్టుకున్నది మాత్రం సూరత్ కథనం. మా గంజాం జిల్లాలో వీధికొకరైనా సూరత్ పవర్‌లూముల్లో ఉంటారు. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె భర్తా అక్కడే. అమ్మాయి ఇంగ్లీషులో చదువుతూ మాకు తెలుగులో చెప్పింది: 12 గంటల షిఫ్టులట. మెస్ గదిలో పగటి షిఫ్టువాళ్ళు లేచి వెళ్తే, అదే చోట రాత్రి షిఫ్టువాళ్ళు నడుం వాలుస్తారట. ఎవరూ ఏమీ అనలేదు. పదేళ్ళుగా మా ఇంటికి వస్తోంది, ఒక్కరోజైనా అడగలేదు కదా అనిపించింది నాకు. మర్నాడు మావయ్యగారు పెరట్లోకి వెళ్ళి ఒడియాలో అడిగారు, మీ ఆయనకి పగటి షిఫ్టా, రాత్రి షిఫ్టా అని. ఆమె చేతిలో పీచు అలాగే పట్టుకుని చాలాసేపు చెప్పింది. మగ్గాల రొదకి అతని చెవులు దెబ్బతిన్నాయి, ఫోన్‌లో అరిచి చెబితే గానీ వినపడదు. ఆమె ఫోన్‌లో ఎందుకంత గట్టిగా మాట్లాడుతుందో మాకు అప్పుడు తెలిసింది. అంతవరకూ నోరు పెద్దది అనుకునేవాళ్ళం.

అత్తయ్యకి కథనాల కంటే తిరగలి పాటల వీడియోలు ఇష్టం. మహారాష్ట్ర పల్లెల్లో ఆడవాళ్ళు పిండి విసురుతూ పాడే పాటలు లక్షకు పైగా పోగుచేసి పెట్టారు. అత్తయ్యకి మరాఠీ ముక్క రాదు. అయినా రెండో పాటకే ఆవిడ చెయ్యి మోకాలి మీద గుండ్రంగా తిరగడం మొదలైంది, తిరగలి పిడి పట్టుకున్నట్టే. తర్వాత తన పుట్టింటి పాటొకటి అందుకుంది. మధ్యలో మాటలు మరిచిపోయి, మనవరాలు నవ్వితే తిట్టింది.

ఇక ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. పొద్దున్నే ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఇది కాదు. తుఫాను కబురు కూడా ఇందులో చూసే పని పెట్టుకోకండి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రిని చూసినవాళ్ళం, మాకు రేడియో ఉండాల్సిందే. కథనాలు పొడవు. మావయ్యగారి కళ్ళకి ఫోన్ అక్షరాలు ఆనవు, ఎవరో ఒకరు చదివి పెట్టాలి. నన్నడిగితే అదే మంచిదైంది, చదివేవాళ్ళు ఒకరుంటే మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. మధ్యలో ఆపి "ఎకరానికి అంత పెట్టుబడా?" అని అడగొచ్చు కూడా. ఆ నాలుగు గళ్ళవాళ్ళని ఎవడు ఆపగలడు?

బరువు కథలు వరసగా మాత్రం పెట్టుకోవద్దు. రైతుల చావుల గురించి రెండు కథనాలు చదివిన రాత్రి "ఈ పూటకి చాలే, పాటలు పెట్టవే" అని అత్తయ్య కంచం పక్కకి జరిపింది.

తండ్రీకొడుకులు మారిపోయారని అనను. మొన్న ధాన్యం ధర మీద మళ్ళీ గొడవ పడ్డారు, కాకపోతే ఎదురెదురుగా కూర్చుని. ఛానల్ కూడా పోలేదు, తొమ్మిదిన్నరకి మావయ్యగారి గదిలో చిన్న సౌండ్‌తో నడుస్తుంది. ఆ ముందు గంట హాల్లో టీవీకి ఫోన్ కలిపి పారి వీడియోలు చూస్తాం. రిమోట్ మాత్రం ఇప్పటికీ ఆయన తొడ కిందే ఉంటుంది.